కింద పెట్టకూడని సంచీ

మా సుశీలత్త పోయిన నెల మన్సూరాబాద్‌లోని మా ఫ్లాటుకి వచ్చి వారం రోజులుంది. ఆ వారమూ మా అపార్టుమెంటులో ఎవరికీ అలారంతో పని పడలేదు. పొద్దున్నే మూడో అంతస్తు బాల్కనీలో నిలబడి ఆవిడ "పాలూ!" అని ఒక్క కేక వేస్తే, మా పాలతను రావడం సరే, ఎల్బీనగర్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగిన ఇంకో ముగ్గురు పాలవాళ్ళు కూడా బళ్ళు మళ్ళించుకుని వచ్చేశారు. నేను అబద్ధాలు చెప్పను. కాస్త పెంచి చెబుతాను, అంతే. హనుమకొండలో ఒకే బడిలో ముప్పై ఏళ్ళకు పైగా సాంఘికశాస్త్రం చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన గొంతు అది. ఆవిడ రహస్యం చెబితే మెట్రో పట్టాలు అదురుతాయి.

ఆ వారంలోనే మా అమ్మాయికి ఉద్యోగం ఇంటర్వ్యూ వచ్చింది. అత్త కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని విచారణ మొదలుపెట్టింది.

"ఎన్నింటికే?"

"పదకొండింటికి అమ్మమ్మా."

"ఎక్కడ?"

"నా గదిలో."

"నీ గదిలోనా? వాళ్ళు మనింటికొస్తున్నారా? మరి బజ్జీలకి పిండి కలపలేదేం?"

"వాళ్ళు రారు, నేను వెళ్ళను. లాప్‌టాప్‌లో చూసుకుంటాం."

"నువ్వు ఏ దిక్కుకి తిరిగి కూర్చుంటావు?"

"కిటికీ వైపు."

"కిటికీ తూర్పు! ఇవాళ సోమవారం, తూర్పుకి శూల! నిన్ననే ప్రస్థానం పెట్టించాల్సింది. ఆ లాప్‌టాప్ సంచీ ఇలా ఇవ్వు, ఎదురు ఫ్లాటులో పెట్టొస్తాను."

"సంచీ ఎదురింట్లో పెడితే ఇంటర్వ్యూ ఎవరు చేస్తారు, ఆ అంకులా?" అని మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. అత్త కూడా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ప్రస్థానం సంచీ మాట వినపడితే చాలు, నాకు ఇప్పటికీ రెండు చేతుల్లోనూ వేడివేడి సర్వపిండి ఉన్నట్టే అనిపిస్తుంది. ఆ సంగతి చెప్పాలంటే, ఇదే సుశీలత్తకి గొంతన్నదే లేని కాలానికి వెళ్ళాలి.

మేము అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. తెనాలి పక్క నుంచి నాన్న ఉద్యోగం కోసం వస్తే, ఆయన వెంట అమ్మ, నేను, నాయనమ్మ, నాన్న చెల్లెలు సుశీలత్త, నాయనమ్మ ఊరగాయ జాడీలు పదకొండు వచ్చాయి. ముందు పోర్షన్‌లో ఇంటి ఓనరు యాదగిరి గారు, ఆయన భార్య సత్తెమ్మ గారు ఉండేవారు. నకిరేకల్ దగ్గర పల్లె వాళ్ళది. ఆయన బస్సు డ్రైవరు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి ఇవతల తెల్లవారుజామున ఫిల్టర్ కాఫీ, ఇంగువ పోపు. అవతల జొన్నరొట్టె కాలుతున్న వాసన, ఎల్లిపాయ కారం. మధ్యలో బోరింగు దగ్గర రెండు వాసనలూ కలిసి, ప్రపంచంలో ఇంకెక్కడా దొరకని మూడో వాసన ఒకటి పుట్టేది. దాన్ని సీసాల్లో పట్టి అమ్మి ఉంటే ఈపాటికి దిల్‌సుఖ్‌నగర్ మొత్తం మాదే. భాషలు కూడా అలాగే కలిసేవి. నాయనమ్మ "ఏమయ్యా యాదగిరీ, నీళ్ళెప్పుడు వదుల్తావూ?" అంటే, ఆయన "ఇడుస్త ఇడుస్త, జర ఆగు పెద్దమ్మా, నీ గుండిగలు నిండేసరికి మూసీ ఎండుతది" అనేవాడు.

నాయనమ్మ గురించి ఒక ముక్క చెప్పాలి. మా ఇంట్లో ఎవర్ని ఏం అడిగినా జవాబు నాయనమ్మే చెప్పేది. డాక్టరు నాన్నని "ఎక్కడ నొప్పి?" అంటే, ఎక్కడో, ఎప్పటినుంచో, రాత్రి ఏం తింటే వచ్చిందో నాయనమ్మ చెప్పేది. నా పేరు ఏమిటని బడిలో అడిగితే, పేరుతో పాటు గోత్రం, నక్షత్రం కూడా ఆవిడే అందించింది. అంతమంది తరఫున మాట్లాడే మనిషి ఇంట్లో ఉంటే మిగతావాళ్ళ నాలుకలు ఏమవుతాయి? మావి ఎలాగో బతికి బట్టకట్టాయి. అత్తది మాత్రం పరాయి మనిషి కనపడగానే అంగిలికి అతుక్కుపోయేది. బీఈడీ ఫస్టు క్లాసులో ప్యాసైంది. నాలుగు బళ్ళు ఇంటర్వ్యూకి పిలిచాయి. నాలుగింటికీ నాయనమ్మ తోడు వెళ్ళింది. అడిగినవాటికి నాయనమ్మ చెప్పింది, అడగనివాటికి కూడా చెప్పింది. అత్త నేల చూసింది. నాలుగో చోట వాళ్ళు, "ఉద్యోగం మీకైతే ఇచ్చేవాళ్ళమండీ" అని నాయనమ్మతో అన్నారట. ఇంటికొచ్చి నాయనమ్మ ఇదే గొప్పగా చెప్పుకుంది. వచ్చినవాళ్ళందరికీ "మా సుశీల. పాపం, నోట్లో నాలుక లేదు" అని పరిచయం చేసేది, ఏదో మొక్కుబడిలాగా.

అదే అత్త ఇంట్లో, నాకొక్కదానికి పాఠం చెప్పేటప్పుడు చూడాలి! చరిత్ర పుస్తకం తెరిచేది కాదు. వంటింటి మీద దండయాత్ర చేసేది. పప్పుగుత్తి రాజు, అట్లకాడ సేనాపతి. ఓరుగల్లు కోట పాఠం వచ్చిందంటే హాలు నిండా గిన్నెలతో గోడలు లేచేవి. ఒకరోజు కందకం అర్థం కావాలని నిజంగానే నీళ్ళు పోసింది. అందులో నాయనమ్మ జారి, కోటని వీపుతో జయించింది. ఆ రోజు నుంచీ కోటలకి తడి నిషేధం. ఎలాంటి ప్రశ్నకైనా అత్త ఓపిగ్గా చెప్పేది కానీ, "రాజులకి వేరే పనేం లేదా?" అంటే మాత్రం మండిపడేది. అందుకే నేను వారానికి మూడుసార్లు తప్పకుండా అడిగేదాన్ని.

అయిదో పిలుపు హనుమకొండ నుంచి వచ్చింది. శనివారం పన్నెండింటికి, అసలు సర్టిఫికెట్లతో రావాలి. నాన్న ఆ ఉత్తరం పట్టుకుని, "ఇదే ఆఖరు. ఇది కూడా కాకపోతే సుశీల తెనాలి వెళ్ళి పెద్దనాన్న గారి మిల్లులో చీటీలు రాసుకుంటుంది. నేను మాటిచ్చేశాను" అన్నాడు. అత్త ఆ రాత్రి గిన్నెల కోట కట్టలేదు, అంతే. నాన్న మనసు మాత్రం మెత్తన. పొద్దున్నే వెళ్ళి వేయి స్తంభాల గుడి కళ్ళారా చూస్తే ధైర్యం వస్తుందనీ, ఇంటర్వ్యూ అయ్యాక కోట కూడా చూడొచ్చనీ, ఎటూ వెళ్తున్నాం గనక అందరం వెళ్దామనీ అన్నాడు. ఒక్క మనిషి ఉద్యోగానికి అయిదుగురం, పదిహేడు సామాన్లం తయారయ్యాం.

నాయనమ్మ పంచాంగం తీసి గుండెలు బాదుకుంది. శనివారం తూర్పుకి శూల, అటు బయల్దేరితే కీడు. ఓరుగల్లు తూర్పు. ప్రయాణం మానడానికి వీల్లేదు, చేయడానికి వీల్లేదు. దీనికి మా వాళ్ళు కనిపెట్టిన ఉపాయమే ప్రస్థానం. మంచి గడియ ఉన్నప్పుడే, వెళ్ళే దిక్కున ఉన్న ఎవరింట్లోనో ప్రయాణపు సంచీ ఒకటి పెట్టేస్తే, మనం బయల్దేరినట్టే లెక్క. తర్వాత ఎప్పుడు కదిలినా దోషం అంటదు. ఆ సంచీ నేల మీద పెట్టకూడదు. దాన్ని మళ్ళీ ఇంట్లోకి తేకూడదు. వెళ్తూ వెళ్తూ కన్నెపిల్ల చేత తీయించుకుపోవాలి. శుక్రవారం సాయంత్రం పసుపు రాసిన గుడ్డసంచీలో అత్త సర్టిఫికెట్ల ఫైలూ, పిలుపు ఉత్తరమూ, గుప్పెడు బియ్యమూ పెట్టి, మా తూర్పున ఉన్న యాదగిరి గారింట్లో మేకుకి తగిలించాం.

"ఏంది పెద్దమ్మా, మీరు ఈడనే ఉంటరు, గీ సంచీ ఒక్కటే ముందుగాల పోతదా?" అన్నాడాయన. "మరి దీనికి టికెట్ కొట్టాల్నా, ఒద్దా?"

"వెటకారాలాడకు. కింద మాత్రం పెట్టకు. పెట్టావో, మా పిల్ల బతుకు నేలపాలే."

"ఇగ సచ్చినా పెట్ట" అని ఆయన చెంపలు వేసుకున్నాడు.

తెల్లవారి అయిదున్నరకి ఆటో వచ్చింది. సామాన్లు ఎక్కించే పని అమ్మది, తాళం పని నాన్నది, సంచీ పని నాది. నేనే కన్నెపిల్లని. తలుపు తట్టగానే సత్తెమ్మ గారు నవ్వుతూ వచ్చారు. "బిడ్డా, మీకోసమే చేసిన, తోవల తినుండ్రి" అని, పెనం మీంచి అప్పుడే దించిన సర్వపిండి ఆకులో చుట్టి నా రెండు చేతుల్లోనూ పెట్టారు. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, పచ్చిమిరప. ఆ వాసనకి శూల కూడా దిక్కు మార్చుకుంటుంది. రెండు చేతులూ కాలుతుంటే ఉఫ్ ఉఫ్ అంటూ పరుగెత్తుకొచ్చి ఆటో ఎక్కాను. మనిషికి దేవుడు రెండే చేతులిచ్చాడు, నా తప్పేముంది?

ఉప్పల్‌లో హనుమకొండ బస్సెక్కాం. కిటికీ పక్కన నేను, నా పక్కన నాయనమ్మ, వెనక అమ్మ, అత్త. నాన్న డ్రైవరు వెనకాల నిలబడి దారి చూపించాడు, రోజూ అదే దారిలో బస్సు నడిపే మనిషికి. భువనగిరి గుట్ట కనపడగానే అత్త ముందుకి వంగి నా చెవిలో, "అది ఒక్కటే రాయి. మొత్తం కొండంతా ఒక్క రాయి. దాని నెత్తిన కోట" అంది. నాయనమ్మ వెంటనే బస్సంతటికీ అదే ప్రకటించి, రాయి బరువు కూడా చెప్పేసింది. ఆలేరు దాటేసరికి పులిహోర వాసనకి ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు. జనగామ చేరేసరికి వాళ్ళందరికీ అత్త పేరూ, చదువూ, పన్నెండు గంటల ఇంటర్వ్యూ సంగతీ, నోట్లో నాలుక లేని సంగతీ తెలిసిపోయాయి. ఒకాయన దిగుతూ, "మంచిగైతదిలే చెల్లె" అని ఆశీర్వదించాడు. అత్త కిటికీ చువ్వ పట్టుకుని తల వంచుకుంది.

పది దాటుతుండగా వేయి స్తంభాల గుడి మెట్లెక్కాం. నేను అప్పటికి చూసిన గుళ్ళన్నీ రంగులేసినవి. ఇది నల్లగా, నిగనిగా, అప్పుడే నూనె రాసుకుని తలంటు కోసం కూర్చున్నట్టుంది. నక్షత్రంలా కోణాలు కోణాలుగా తిరిగిన అరుగు, ముగ్గురు దేవుళ్ళకి మూడు గుళ్ళు, ఎదురుగా ఏనుగంత నంది. సరే, ఏనుగు కాదు, ఏనుగు పిల్లంత. స్తంభాల మీద గీతలు ఎంత నాజూకంటే, రాతికి గాజులు తొడిగారనుకున్నాను. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై మూడు దగ్గర తప్పిపోయి, మళ్ళీ మొదలుపెట్టి నాయనమ్మని కూడా ఒక స్తంభంగా లెక్కేశాను. అత్త ఒక స్తంభం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కదల్లేదు. "ఇన్నాళ్ళూ పప్పుగుత్తితో చెప్పాను కదే నీకు, ఇదీ అసలుది" అంది. ఆ మొహంలో భయం లేదు. నాన్న అది చూసి పొంగిపోయి, "ఇంక బయల్దేరదాం. ఆ ఫైలోసారి ఇవ్వండి, అన్నీ ఉన్నాయో లేదో చూస్తాను" అన్నాడు.

అమ్మ నాయనమ్మని చూసింది. నాయనమ్మ నాన్నని చూసింది. నాన్న పదిహేడు సామాన్లనీ రెండుసార్లు చూశాడు. తర్వాత అందరూ కలిసి నన్ను చూశారు. నా మూతికి ఇంకా నువ్వులు అంటుకుని ఉన్నాయి.

"సంచీ ఏదే?"

"సర్వపిండి తెచ్చాను" అన్నాను.

ఆ తర్వాత అయిదు నిమిషాలు ఎవరేమన్నారో రాయను. నంది కూడా చెవులు మూసుకుంది. నాన్న నెత్తిన చేతులు పెట్టుకుని నక్షత్రపు అరుగు మీద కూలబడ్డాడు. వెనక్కెళ్ళి రావాలంటే ఎనిమిది గంటలు, ఉన్నది గంటన్నర. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నాయనమ్మ ఒక్కతే చెక్కుచెదరలేదు. "నిన్న సాయంత్రమే మంచి గడియలో బయల్దేరింది సంచీ. మనమే వెనక బయల్దేరాం. అది దారి తప్పదు" అని తీర్పు చెప్పింది. అత్త నన్ను తిట్టలేదు. కొట్టినా బాగుండేది. నా మూతికున్న నువ్వులు కొంగుతో తుడిచి, మెట్లు దిగడం మొదలుపెట్టింది. స్తంభం దగ్గర వచ్చిన ధైర్యమంతా స్తంభం దగ్గరే ఉండిపోయింది. అది నావల్లే పోయిందని పదకొండేళ్ళ బుర్రకి కూడా తెలిసింది.

బస్టాండుకి ఎదురు సందులో బడి. హెడ్మాస్టరు గారు తెల్ల చొక్కా, వెండి కళ్ళజోడుతో వరండాలోనే ఉన్నారు. నాయనమ్మ కొంగు దోపుకుని, "మా సుశీలండీ, బీఈడీ ఫస్టు క్లాసు, పాపం నోట్లో..." అని అందుకుంది.

"పెద్దమ్మా, ఉద్యోగం నీకా, బిడ్డకా?" అన్నారాయన నవ్వుతూ. "మీరు గీ బల్ల మీద కూసోండ్రి. మంచినీళ్ళు తాగుండ్రి. బిడ్డ నాతోని ఒస్తది. సర్టిఫికెట్లు ఏవమ్మా?"

అత్త నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. నాన్న వంగి దణ్ణం పెట్టి, "వస్తున్నాయండీ, దారిలో ఉన్నాయి" అన్నాడు. మా నాన్న జన్మలో ఆడిన అబద్ధం అదొక్కటే అనుకున్నాం. అది కూడా అబద్ధం కాదని అరగంటలో తేలింది.

"సరే, ఒచ్చినంక చూద్దాం. ముందుగాల ఎనిమిదో తరగతికి నీ ఇష్టమొచ్చిన పాఠం చెప్పు, నేను గూడ ఇంట. గీ పాప ఎండల ఎందుకు, ఎనక బెంచీల కూసోనీ" అని నన్ను కూడా లోపలికి తోశారు.

యాభై మంది పిల్లలు. అందరి వొళ్ళోనూ మధ్యాహ్నం గంట కోసం ఎదురుచూస్తున్న అన్నం డబ్బాలు. అత్త బోర్డు దగ్గర నిలబడింది. ఒక నిమిషమైంది. ఫ్యాను తిరిగింది. హెడ్మాస్టరు గారు గోడవార కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఎదురుచూశారు. రెండో నిమిషం. ముందు బెంచీలో ఒక పిల్ల కిసుక్కుమంది. అత్త కళ్ళు నేల మీద పడ్డాయి. ఆ నేల నాకు తెలుసు. అది నాలుగు ఇంటర్వ్యూల నేల. ఆ నేల కింద తెనాలి మిల్లు ఉంది. ఏం చేయాలో నాకు ఒక్కటే తెలుసు, అది తప్ప ఇంకేం చేతకాదు కూడా. లేచి నిలబడ్డాను.

"టీచర్! ఓరుగల్లు కోటకి అన్ని గోడలెందుకు? ఒక్కటి గట్టిగా కట్టుకోవచ్చు కదా? ఆ రాజులకి వేరే పనేం లేదా?"

అత్త తలెత్తింది. మెడ దగ్గర నరం ఉబ్బింది. మా ఇంట్లో ఆ నరం ఉబ్బితే గిన్నెలు దాచేస్తాం.

"పని లేనిది నీకు!" అంది. గది గోడలు ఆ గొంతు అప్పుడే మొదటిసారి విన్నాయి, నాకు తెలిసి అత్త కూడా. "పని లేకా వాళ్ళు అన్ని గోడలు కట్టింది? ఆ డబ్బా ఇటివ్వు. నీది కూడా. అందరివీ! మీ పుస్తకాల సంచులు కూడా తెండి!"

మూడు నిమిషాల్లో తరగతి గది యుద్ధభూమి అయింది. మధ్యలో స్టీలు డబ్బాలన్నీ గుండ్రంగా పేర్చి రాతిగోడ కట్టింది. వాటి చుట్టూ పిల్లల బెల్టులు పరిచి కందకమంది. దాని అవతల పుస్తకాల సంచులు ఒకదాని మీద ఒకటి పోసి మట్టిగోడ లేపింది. ఒక పిల్లాడి జేబులోంచి జామకాయ లాక్కుని, "ఇది శత్రువు విసిరిన రాయి" అని డబ్బాలకేసి కొట్టింది. ఠంగుమని రెండు డబ్బాలు దొర్లాయి, ఒకదాంట్లోంచి పచ్చిపులుసు కారింది. అదే జామకాయ తీసి సంచుల కుప్ప మీదికి విసిరింది. మెత్తగా లోపలికి కూరుకుపోయింది, చప్పుడే లేదు. "చూశారా? రాయి రాతితో దెబ్బలాడుతుంది. మట్టి రాయిని మింగేస్తుంది. అందుకే బయట మట్టిగోడ, లోపల రాతిగోడ. ఇప్పుడు చెప్పండి, పని లేనివాళ్ళెవరు?" పిల్లలంతా వేళ్ళు నా వైపు చూపించారు. చరిత్ర కోసం నేను చేసిన త్యాగాల్లో ఇదొకటి.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఖాకీ చొక్కా కనపడింది. చంకలో టికెట్ల పెట్టె. కుడిచెయ్యి గాల్లోకి చాచి ఉంది, దానికి పసుపు రాసిన గుడ్డసంచీ వేలాడుతోంది.

"సుశీలమ్మంటే ఎవలు? దిల్‌సుఖ్‌నగర్ యాదగిరన్న పంపిండు."

"టీచర్, ఆ సంచీ కూడా గోడలో పెడదామా?" అని ఒక పిల్లాడు పరుగెత్తాడు.

"ఏయ్, ఆగు! కింద వెట్టొద్దన్నడు!" అని కండక్టరు సంచీ ఇంకా పైకెత్తాడు. "ఉప్పల్ కాంచి డ్రైవరన్న పక్కన దేవుని పటం మేకుకు తగిలేసినం. గంతదూరం కింద వెట్టలే. బస్సు దిగినప్పటి సంది గిట్లనే పట్టుకున్న, చెయ్యి నొస్తుంది. జర ఎవరన్న పట్టుకోండ్రి."

అత్త వైపు చూశాం. ఆవిడ కందకం మధ్యలో, రెండు చేతుల్లో డబ్బాలతో, శత్రుసైన్యాన్ని తిప్పికొడుతోంది. "ఒక్క నిమిషం. పాఠం అవలేదు" అంది. ఒట్టు, అదే మాట అంది. కండక్టరు బిత్తరపోయాడు. హెడ్మాస్టరు గారు కుర్చీలోంచి లేచి, మెల్లగా వెళ్ళి, తన ముంజేతికి ఆ సంచీ తగిలించుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డారు. పాఠం అయ్యేదాకా పావుగంట అలాగే నిలబడ్డారు. కండక్టరు కూడా పోలేదు. "మా బస్సుకు ఇంక టైముందిలే" అని ఆఖరి బెంచీలో నా పక్కనే కూర్చుని, కోట పడుతుందేమోనని గోళ్ళు కొరుక్కున్నాడు.

గంట కొట్టారు. హెడ్మాస్టరు గారు సంచీ విప్పలేదు. "ఇవి తర్వాత చూస్త గని, ముందుగాల ఎవల డబ్బా వాళ్ళకియ్యి తల్లీ, పోరగాండ్లకు ఆకలైతుంది. పచ్చిపులుసు ఒలికినోనికి నా డబ్బా ఇస్త. నువ్వు వచ్చే సోమవారం జాయినైపో" అన్నారు. తలుపు సందులోంచి అంతా చూస్తున్న నాయనమ్మ మొహం చూడాలి. మొదటిసారి ఎవరో అడిగినదానికి ఆవిడ జవాబు చెప్పలేదు. అత్తే చెప్పింది, "వస్తాను సార్" అని.

యాదగిరి గారి కథ మర్నాడు విన్నాం. సత్తెమ్మ గారు తువ్వాలు ఆరేద్దామని మేకు దగ్గరికి వెళ్తే సంచీ కనపడిందట. ఆయన అప్పుడే డ్యూటీ దిగి పడుకున్నాడు. బనీను మీదే స్కూటరెక్కి, సంచీ మెళ్ళో వేసుకుని నాగోల్ మీదుగా ఉప్పల్‌కి పోయి, కదులుతున్న హనుమకొండ బస్సుకి అడ్డంగా నిలబడ్డాడట. బడి చిరునామా ఎలా తెలుసని నాన్న అడిగితే, "పెద్దమ్మ పదిహేను దినాల సంది గల్లీ మొత్తానికి చెప్తనే ఉంది గద సార్! నిద్రలనన్న చెప్త నేను" అన్నాడు. ఆ డ్రైవరు పేరు మాకు తెలియదు. ఆ కండక్టరు మళ్ళీ కనపడలేదు. ఎవరూ ఎవర్నీ రశీదు అడగలేదు. ఎవరి సంచీయో, ఎందుకు కింద పెట్టకూడదో తెలియకుండానే ఇంతమంది దాన్ని పైకెత్తి పట్టుకున్నారు.

ఇప్పుడు మా అమ్మాయి ఫైలు క్లౌడులో, అంటే ఆకాశంలో ఉంటుందట. ఎక్కడా మరిచిపోయే వీలే లేదు. మొన్న సోమవారం తలుపేసుకుని, పైన ఇస్త్రీ చొక్కా, కింద ఇంటి పైజామాతో ఇరవై నిమిషాల్లో ఇంటర్వ్యూ ముగించి, ఉద్యోగం వచ్చిందని బయటికొచ్చింది. సంతోషమే, ఎందుకు కాదు? మా కాలమే గొప్పదని అనను. ఎనిమిది గంటల బస్సు ప్రయాణంలో నడుములు ఏమయ్యాయో నాకింకా గుర్తుంది. కానీ ఎదురు ఫ్లాటు ఆయనకి మా అమ్మాయి ఇంటర్వ్యూకి కూర్చుందని కూడా తెలియదు. పాపం, ఆయన పొరపాటున కూడా సాయం చేసే వీలు మేమివ్వలేదు. మిఠాయి ఇచ్చినప్పుడు ఆశ్చర్యపోయి, "చెప్తే మా దేవుడికి ఒక దీపం పెట్టేవాళ్ళం కదమ్మా" అన్నాడు. అత్త నా వైపు చూసిన చూపుకి నేను కళ్ళద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది.

కానీ ఆ శనివారం గురించి అడిగితే నేను బడి దగ్గర ఆపను. మధ్యాహ్నం మూడింటికి కోటకి వెళ్ళాం. మట్టిగోడ దాటాం, కందకం దాటాం, రాతిగోడ దాటాం. నిజానివి, డబ్బాలవి కాదు. లోపల విరిగిపడిన రాళ్ళ మధ్య నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. ఒక్కోటీ ఎంత ఎత్తంటే, దాని మీది హంసలు మేఘాల్లో మెడ దూర్చి నీళ్ళు తాగుతున్నాయి. అత్త వాటి కింద నిలబడి నాకు చెప్పడం మొదలుపెట్టింది. నాకే కదా అని చెప్పింది గానీ, గొంతు ఇంక దిగలేదు. పొద్దున్న తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉంది. పక్కన రాళ్ళ మీద కూర్చుని బత్తాయిలు ఒలుచుకుంటున్న కుటుంబం ఒకటి దగ్గరికి జరిగింది. ఎవరో కొత్త దంపతులు ఫొటో మానేసి వచ్చారు. మేకలు కాస్తున్న ముసలాయన కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. నాన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అమ్మ మళ్ళీ ఏడుస్తోంది, ఈసారి వేరే రకంగా. చూస్తుండగా పాతికమంది అయ్యారు. నా లెక్కలో రెండు వందలు. వెనకవాళ్ళు "ఏమంటుంది? ఎవలామె? ఏ ఊరు?" అని గుసగుసలాడుకుంటున్నారు.

ఇలాంటి ప్రశ్నలు వినపడితే ఊరుకునే మనిషి కాదు నాయనమ్మ. రాళ్ళ మధ్యలోంచి లేచింది. కొంగు బిగించింది. జనం వైపు తిరిగింది. ఇక గోత్రం, నక్షత్రం, బీఈడీ అన్నీ వస్తాయని నేను కళ్ళు మూసుకున్నాను.

"ష్!" అంది నాయనమ్మ, పెదాల మీద వేలు పెట్టుకుని. "మాట్లాడకండమ్మా. మా అమ్మాయి చెబుతోంది."